రంగులేని బొమ్మ

పిల్లలూ! సికిందరాబాదు నుంచి కరీంనగరు పోయే దారిలో శామీర్‌పేట చెరువు ఉన్నది. సెలవు రోజున చాలామంది అక్కడికి పోతారు. కట్ట ఎక్కుతారు, ఫోను తీస్తారు, గబగబా ఇరవై ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. ఈసారి మీరు పోయినప్పుడు ఒక పని చేయండి. ఫోను కెమేరాలో రంగులు తీసివేసే ఏర్పాటు ఉంటుంది. దానిని నలుపు తెలుపులకు మార్చండి. వెంటనే ఫోటో తీయకండి. దానిలో కనిపించే చెరువును ఊరికే చూస్తూ కూర్చోండి.

మొదట ఏమీ బాగుండదు. నీటి నీలం పోయింది, చెట్ల పచ్చదనం పోయింది, అంతా బూడిద పూసినట్టుంటుంది. కాస్సేపు ఓపిక పట్టితే ఒక్కొక్కటే బయటపడుతుంది. అల లేచిన చోట సన్నని తెల్లగీత. కదలకుండా నిలుచున్న కొంగ, కాళ్ల కింద తలకిందులుగా దాని నీడ. రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకి, మసితో గీసిన బొమ్మలా. రంగులున్నంతసేపు మన కన్ను వాటి వెంటే పరుగెత్తుతుంది. అవి లేనప్పుడు వెలుగునూ, నీడనూ వెతుక్కుంటుంది.

ఇంతకూ ఆ రంగులు ఎక్కడికి పోయినవి? ఇంటికి వచ్చాక మందార చెట్టును అదే విధంగా చూడండి. ఎర్రగా మెరిసిపోయే పువ్వు ఆకులలో కలిసిపోయి, ఎక్కడున్నదో వెతుక్కోవలసి వస్తుంది. దీనిలో చిన్న లెక్క ఉన్నది. ఫోటో అంటే వేలకు వేల చిన్న చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటవి, 0 నుంచి 255 వరకు. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ కాంతిగానూ, నీలం చాలా తక్కువగానూ తోస్తుంది. అందుచేత బూడిదరంగు కట్టడానికి సాధారణంగా నూటికి ఆకుపచ్చలో 59 పాళ్లు, ఎరుపులో 30, నీలంలో 11 తీసుకుని కలుపుతారు.

మందార పువ్వులో ఎరుపు 220, ఆకుపచ్చ 30, నీలం 40 ఉన్నవనుకోండి. ఆకులో అవే 50, 115, 40 అనుకోండి. కలిపి చూడండి. పువ్వుకు 88, ఆకుకు 87! ఇక పువ్వు దాగకుండా ఎట్లా ఉంటుంది? (నూటి లెక్కలు ఎందుకు పనికివస్తవని అడిగే పిల్లలకు ఈ మందారాన్ని చూపించవచ్చు.)

ఈ చిక్కును దాటడానికి ఫోటోగ్రాఫర్లకు ఒక పాత ఉపాయం తెలుసు. కెమేరా కంటికి రంగు గాజు తొడుగుతారు. 1927లో అమెరికాలోని యోసెమిటీ లోయలో ఆన్సెల్ ఆడమ్స్ అనే 25 ఏళ్ల యువకుడు బరువైన కెమేరా మోసుకుని మంచు మీదుగా కొండ ఎక్కాడు. ఎదురుగా హాఫ్ డోమ్ అనే పెద్ద రాతికొండ. అతని దగ్గర రెండే గాజుపలకలు మిగిలి ఉన్నవి. పసుపు గాజు తొడిగి ఒకటి తీశాడు. తీసిన తరువాత ఆలోచించాడు. ఆకాశం తెల్లగా, పేలవంగా వస్తుంది, ఆ కొండను చూస్తే తన గుండెలో కలిగిన గంభీరం దానిలో రాదు. చివరి పలకకు ముదురు ఎరుపు గాజు తొడిగాడు. ఎరుపు గాజు నీలికాంతిని రానివ్వదు. ఆకాశం దాదాపు నల్లగా, కొండ ధగధగా వచ్చినవి. ఆ బొమ్మ లోకమంతటా పేరు పొందింది. మీట నొక్కకముందే బొమ్మను మనసులో చూడడం ఆనాడే పట్టుబడిందని అతను తరువాత చెప్పుకున్నాడు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోను దీనికన్న ఎన్నో రెట్లు గారడీ చేస్తుంది. శామీర్‌పేట చెరువు మీద లేని చందమామను అతికిస్తుంది. ఒక్క కొంగను పది కొంగలు చేస్తుంది. అడ్డం వచ్చిన కరెంటు స్తంభాన్ని మాయం చేస్తుంది. అది తప్పా అని కొందరు పిల్లలు అడుగుతారు. బొమ్మలు వేసేవారు లేనివి వేయరా? డిజిటల్ చిత్రకళ అని చెప్పి చూపిస్తే అదీ ఒక కళే. అయితే మన హైదరాబాదులోనే జరిగిన ఒక సంగతి వినండి.

లాలా దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగం చేస్తూ ఫోటోలు నేర్చాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పెట్టుకుని 'రాజా' బిరుదు ఇచ్చాడు. సికిందరాబాదులో ఆయన స్టూడియో ఉండేది. ఆ రోజుల్లో ఫోటో గాజుపలక మీద పడేది. పలకకు వెండి లవణాల పూత ఉంటుంది. కాంతి తగిలిన చోట, మందులలో కడిగాక, వెండి నల్లబడుతుంది. అందుచేత పలక మీద ఆకాశం నల్లగానూ, నీడలు తేటగానూ ఉంటవి. దానిని కాగితం మీద అచ్చు తీస్తే అన్నీ తిరగబడి సరిగా వస్తవి. అప్పటి స్టూడియోలలో ఆ కాగితాల మీద కుంచెతో రంగులు పూసి, నగలు దిద్ది ఇచ్చేవారు. వారికి అదే డిజిటల్ చిత్రకళ! కాని రంగులు కాగితానికే. గాజుపలక పెట్టెలో భద్రంగా ఉండేది. దీన్ దయాళ్ 1905లో చనిపోయాడు. ఆయన స్టూడియో గాజుపలకలు 2,800 పైచిలుకు ఇప్పుడు ఢిల్లీలో, ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నవి. ఆనాటి హైదరాబాదు ఎట్లా ఉండేదో తెలుసుకోవాలంటే జనం వాటి దగ్గరికి పోతారు.

మనకూ అటువంటి పలకల అవసరం వచ్చింది. మేడ్చల్, శామీర్‌పేట పొలిమేరల్లో గుట్టల మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న బండలను మీరు చూసే ఉంటారు. రాక్షసులు పేర్చారని అవ్వలు చెబుతారు. నిజానికి అవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి రాళ్లు. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడింది, నిలువుగా అడ్డంగా చీలింది. చీలికలలోకి నీరు దిగి మూలలను తినివేసింది. పైమట్టి కొట్టుకుపోగా గుండ్రని బండలు ఒకదానిమీద ఒకటి మిగిలినవి. వీటిని పగలగొట్టి కంకర చేస్తున్నారు, చదును చేసి ఇళ్లు కడుతున్నారు. 250 కోట్ల ఏళ్లు నిలిచిన బండ ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. వాటిని కాపాడమని హైదరాబాదులో 1996 నుంచి ఒక సంఘం పాటుపడుతున్నది. ఉన్నవాటిని ఉన్నట్టు బొమ్మ తీసి పెట్టడం మీ వంటి పిల్లలకూ చేతనవును.

బండకు నలుపు తెలుపులే అందం. మిట్టమధ్యాహ్నం పోకండి; అప్పుడు రాయి సున్నం వేసిన గోడలా చదునుగా కనిపిస్తుంది. పొద్దు వాలే వేళ వెలుగు ఏటవాలుగా పడి, ప్రతి పగులుకూ, ప్రతి గరుకుకూ ఒక నీడ వస్తుంది. పూర్వం మీ తాతగారి ఆగ్ఫా క్లిక్ కెమేరాలో ఒక రీలుకు 12 ఫోటోలే వచ్చేవి. మీరూ 12 మాత్రమే తీస్తామని ఒట్టు పెట్టుకోండి, చూడడానికి వ్యవధి చిక్కుతుంది. అమ్మనో నాన్ననో వెంట తీసుకుపోండి. రాళ్లు పేల్చే చోటికి మాత్రం వెళ్లవద్దు. పెద్దలకు ఒక మాట: అరగంట సేపు "ఇక చాలు, పద" అనకుండా కూర్చోండి.

ఇంటికి వచ్చాక ఒక నకలు తీసుకుని దానిమీద మీ ఇష్టం వచ్చినట్టు చందమామలను అతికించుకోండి. అసలు బొమ్మను ముట్టుకోకుండా వేరే దాచి, దాని పేరులో ఊరు, తేదీ, వేళ రాయండి. వచ్చే ఏడు అదే నెలలో, అదే చోట నిలబడి, అదే బండను మళ్లీ తీయండి.