మనిషి కడుపులో ఆవు మాయ

మనిషి రూపాన్ని చూపే బొమ్మల్లోకెల్లా పాతదిగా చెప్పేది జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో 2008లో బయటపడింది. మామత్ దంతంతో చెక్కిన ఆడబొమ్మ, ఎత్తు ఆరు సెంటీమీటర్లు, వయసు కనీసం 35 వేల ఏళ్లు. తల ఉండాల్సిన చోట చిన్న రింగు ఉంది. రొమ్ములు, జననాంగం మాత్రం కావాలనే పెద్దవి చేసి చెక్కారు. అదే గుహలో ముక్కలు అతికించగా తేలిన రాతి పురుషాంగం 28 వేల ఏళ్లనాటిది. దానిమీద చెకుముకి రాళ్లు కొట్టిన గాట్లున్నాయి. పనిముట్టుగానూ వాడారన్నమాట!

ఉన్నదున్నట్టు చెక్కడంలో గుడిమల్లం లింగాన్ని మించింది మన దేశంలో అరుదు. తిరుపతికి దగ్గర్లో, స్వర్ణముఖి ఒడ్డున పరశురామేశ్వరాలయంలో సుమారు అయిదడుగుల లింగం అది. క్రీస్తు పూర్వం 2 లేదా 1వ శతాబ్దానిదని చాలామంది పండితుల మాట. అంగం కొన, దాని కింది గాడి సహా స్పష్టంగా కనిపిస్తాయి. ముందువైపు పొట్టేలును కాళ్లు పట్టి వేలాడదీసిన శివుడు, గొడ్డలి భుజాన వేసుకుని, మరుగుజ్జు యక్షుడి భుజాలమీద నిలబడ్డాడు. ఇప్పటికీ నిత్యపూజ జరుగుతోంది.

శిల్పులు ఇంత సూటిగా ఉంటే, వైద్యులు చూసినదాన్ని వదిలి చదివినదాన్ని పట్టుకున్నారు. ఆడవాళ్ల అవయవాలంటే లోపలికి తిరగేసిన మగవాళ్ల అవయవాలేనని 2వ శతాబ్దంలో గ్రీకు వైద్యుడు గాలెన్ రాశాడు. ఆయన కోసింది కోతుల్నీ పందుల్నీ. గాలెన్ తప్పులెన్నో పట్టుకున్న వైద్యుడు వెసాలియస్ కూడా 1543 నాటి తన గ్రంథంలో గర్భసంచినీ యోనినీ కలిపి అచ్చం పురుషాంగంలాగే వేయించాడు.

లియొనార్డో డావిన్చీది మరీ వింత. స్త్రీపురుషుల కలయికను నిలువునా కోసినట్టు 1492 ప్రాంతంలో ఓ బొమ్మ గీశాడు. అందులో పురుషాంగానికి రెండు దారులు, ఒకటి నేరుగా వెన్నుపాములోంచే దిగుతుంది! గర్భసంచి నుంచి రొమ్ముకు ఓ నాళం కూడా లాగాడు. ఆగిన ముట్టు రక్తమే పాలవుతుందని పాత గ్రంథాలు చెప్పాయి మరి. 1511 నాటికి గర్భంలో మోకాళ్లు ముడుచుకున్న శిశువును గీశాడు. ఎంతసేపు చూసినా తనివి తీరని బొమ్మ. బిడ్డ మనిషి బిడ్డే, మాయ మాత్రం ఆవుది. చూడి ఆవును కోసినప్పుడు కనిపించిన గుత్తులు గుత్తుల మాయనే ఇక్కడ దించేశాడు.

సరిగా గుర్తించడంలో జరిగిన ఆలస్యానికి రికార్డు మాత్రం క్లిటోరిస్‌ది. పైకి కనిపించేది కొసే, మిగతాదంతా లోపల ఉంటుంది. జర్మన్ వైద్యుడు కోబెల్ట్ 1844లోనే వివరంగా బొమ్మలు వేశాడు. పాఠ్యపుస్తకాలు పట్టించుకోలేదు. 1998లో ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓకానెల్ శవాలను కోసి, దాని అసలు పరిమాణాన్ని మళ్లీ ప్రకటించాల్సి వచ్చింది.