డీజే నైట్‌కి ముందు వేసుకోవాల్సిన లెక్కలు

మార్కాపురం, గిద్దలూరు వైపు పెరిగినవాళ్లలో చాలామందికి నైట్‌క్లబ్ అంటే సినిమాలో చూడటమే. కానీ రాత్రిపూట వందలమంది ఒక్కచోట చేరి పెద్ద సౌండ్‌కి ఎగరడం మనకేం కొత్త కాదు. వినాయక నిమజ్జనం, పెళ్లి ఊరేగింపు, తిరునాళ్ల, మన యానువల్ డే డీజే నైట్... పేరు ఏదైనా పని అదే. క్లబ్బుల్లో ప్రాణాలు తీసిన కారణాలు వీటన్నిట్లోనూ ఉన్నాయి. క్లబ్‌కైతే లైసెన్స్ ఏది, ఫైర్ ఎన్‌వోసీ ఏది అని అడిగేవాళ్లు కనీసం కాగితం మీదైనా ఉంటారు. మన కాలేజీ గ్రౌండ్‌లో అడగాల్సింది మనమే.

ఇంకో సంగతి దూరం. మార్కాపురంలో, గిద్దలూరులో ప్రభుత్వాసుపత్రులున్నాయి. కానీ కేసు సీరియస్ అయితే ఒంగోలుకి తీసుకెళ్లాలి, మార్కాపురం నుంచే అది వంద కిలోమీటర్ల లెక్క. గిద్దలూరు వాళ్లకి నంద్యాల దగ్గరే గానీ మధ్యలో నల్లమల ఘాట్ ఉంది. కాబట్టి ఏదైనా జరిగితే మొదటి పది నిమిషాలు అక్కడున్న విద్యార్థుల చేతుల్లోనే ఉంటాయి. జరగకుండా చూసుకోవడం అంతకన్నా ముఖ్యం.

మొదటి లెక్క: జనం

2023 నవంబర్ 25న కేరళలోని కొచ్చిన్ యూనివర్సిటీలో టెక్ ఫెస్ట్ జరుగుతోంది. సాయంత్రం ఓపెన్ ఎయిర్ ఆడిటోరియంలో పాటల ప్రోగ్రాం. అది మొదలయ్యే లోపే వాన పడింది. బయటున్నవాళ్లు ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు. గేటు దాటగానే కిందికి దిగే మెట్లు. ముందువాళ్లు పడ్డారు, వెనకవాళ్లకి అది కనపడలేదు. నలుగురు చనిపోయారు, వాళ్లలో ముగ్గురు అక్కడి స్టూడెంట్లే. వాళ్లు ఎవరో కాదు, మనలాగే ఇంజినీరింగ్ చదివేవాళ్లు.

తొక్కిసలాట అంటే కాళ్ల కింద నలిగి చావడం అనుకుంటాం. చాలాసార్లు జరిగేది అది కాదు. జనం బిగుసుకుపోయి ఛాతీ మీద ఒత్తిడి పెరిగి, ఊపిరి తీసుకునే చోటు లేక నిలబడే చనిపోతారు. 2022 అక్టోబర్ 29న సియోల్‌లోని ఇటేవాన్ సందులో హాలోవీన్ రాత్రి 159 మంది ప్రాణాలు పోయింది ఇలాగే. అక్కడ పరిస్థితి బాగోలేదని పోలీసులకి మొదటి ఫోన్ వెళ్లింది ప్రమాదానికి దాదాపు నాలుగు గంటల ముందు.

చదరపు మీటర్‌కి ఇద్దరుంటే హాయిగా ఎగరొచ్చు. నలుగురైతే ఇరుకు. ఐదుగురు దాటితే మన కదలిక మన చేతిలో ఉండదు, జనం ఎటు తోస్తే అటే. 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న హాల్ అంటే 300 చదరపు మీటర్లు. స్టేజీ, బాక్సులు 60 తీసేస్తే 240. అంటే 480 మంది దగ్గర గేటు ఆపేయాలి. "ఇంకో వందమందే కదా అన్నా" అనేవాళ్లు తప్పకుండా వస్తారు. ఆ నంబర్ ముందే రాసి గేటుకి అతికిస్తే వాదించే పని తగ్గుతుంది.

రెండో లెక్క: దారులు

2013 జనవరిలో బ్రెజిల్‌లోని కిస్ నైట్‌క్లబ్‌లో స్టేజీ మీద వెలిగించిన బాణసంచా సీలింగ్ ఫోమ్‌కి అంటుకుంది. 242 మంది చనిపోయారు, ఎక్కువమంది మంటలతో కాదు, పొగతో. బాత్‌రూమ్ తలుపుని బయటికి దారి అనుకుని లోపలికి వెళ్లి ఇరుక్కున్నవాళ్లున్నారు. 2025 డిసెంబర్‌లో గోవాలోని అర్పోరా క్లబ్‌లో 25 మంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది అక్కడ పనిచేసేవాళ్లే.

మన ఆడిటోరియాల్లో టికెట్ లేనివాళ్లు దూరతారని వెనక తలుపుకి తాళం వేయడం మామూలే. ప్రోగ్రాం జరిగినంతసేపు ఆ తాళం తీసే ఉండాలి, తలుపు దగ్గర ఒక వాలంటీర్ నిలబడాలి. లోపల కోల్డ్ పైరో వద్దు, బట్టల పందిరి కింద అసలే వద్దు. జనరేటర్ హాల్ బయట, కిటికీలకి దూరంగా ఉండాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు.

మూడో లెక్క: చెవి

అమెరికాలోని నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్ శబ్దాన్ని రోజుకి 8 గంటలు భరించొచ్చు. అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్‌కి టైమ్ సగమైపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒకటి, 100కి 15 నిమిషాలు. డీజే బాక్సుల ముందు 100 దాటడం పెద్ద విషయం కాదు. పొద్దున లేచాక చెవిలో గుయ్యిమంటే అది దెబ్బ తగిలిన గుర్తు. లోపలి చెవిలో చచ్చిపోయిన వెంట్రుక కణాలు మళ్లీ పుట్టవు.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి చోట్లకి ప్రమాణాలు ఇచ్చింది. 15 నిమిషాల సగటు 100 డెసిబెల్ దాటకూడదు, ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉండాలి, చెవికి విశ్రాంతినిచ్చే నిశ్శబ్దమైన చోటు ఉండాలి. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పక్కా లెక్క చెప్పకపోయినా అంచనాకి పనికొస్తుంది. బాక్సుల ముందు రెండు మూడు మీటర్లు తాడు కట్టి ఖాళీగా ఉంచితే చాలా మేలు.

నాలుగో లెక్క: నీళ్లు, గాలి, మనిషి

పడమటి ప్రకాశంలో నీళ్ల విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా మన ఫెస్ట్ బడ్జెట్లలో లైటింగ్‌కి వేలు రాసి నీళ్ల క్యాన్లు మర్చిపోతాం. బ్రిటన్ హోం శాఖ 2002లో క్లబ్బుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో ముఖ్యమైనవి ఇవే: ఉచితంగా చల్లని నీళ్లు, గాలి ఆడే చోటు, కూర్చుని సేద తీరే గది, శిక్షణ ఉన్న సిబ్బంది. మార్చి, ఏప్రిల్ ఎండలకి కాగిన హాల్లో మనకి ఇవి ఇంకా అవసరం. ఒక గదిలో ఫ్యాన్లు, ఓఆర్‌ఎస్, ఇద్దరు వాలంటీర్లు, వాళ్లలో ఒకరు అమ్మాయి ఉండాలి. హాస్టల్ దాకా దారిలో లైట్లు వెలగాలి.

ఎవరైనా తాగి పడిపోతే "నిద్రపోతే సర్దుకుంటాడులే" అని వెల్లకిలా పడుకోబెట్టి వదిలేయకండి. వాంతి గొంతుకి అడ్డం పడుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి ఒకరు దగ్గరే కూర్చోవాలి. ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే చల్లని చోటికి చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ 108కి చెయ్యాలి. ఊపిరి ఆగితే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. ఏం తీసుకున్నాడో తెలిస్తే డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి. పోలీసు కేసు అవుతుందేమో, ఇంట్లో తెలుస్తుందేమో అన్న భయంతో గంట ఆలస్యం చేస్తే ఆ గంట తిరిగి రాదు. గంజాయి, మత్తు మందుల గురించి సమాచారం ఇవ్వాలన్నా, సాయం కావాలన్నా మన రాష్ట్రంలో 1972 నంబర్ ఉంది.

ఇదంతా చదివి డీజే నైట్ వద్దు అనుకోనక్కర్లేదు. వచ్చే ఫెస్ట్ కమిటీ మొదటి మీటింగ్‌కి సివిల్ వాళ్లు ఒక టేపు తెండి, ఈసీఈ వాళ్లు సౌండ్ సంగతి చూడండి. హాల్ కొలిచి, తలుపులు లెక్కపెట్టి, 108 బండి ఏ గేటు నుంచి లోపలికి రావాలో తేల్చాక పాటల లిస్ట్ మాట్లాడుకుందాం.