మంచి నల్ల తేనీరు: ఆకు ఎంపిక, తయారీ, సేవించవలసిన వేళ

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుండి తార్నాక కూడలి వరకు గల టీ దుకాణాలలో ప్రధానంగా లభించేది పాలు, చక్కెర కలిపిన తేనీరు. ఇరానీ చాయ్‌లో డికాషన్‌ను సన్నని సెగపై చాలాసేపు ఉంచి, విడిగా మరిగించి చిక్కబరచిన పాలను కలుపుతారు. డికాషన్‌లోని వగరును పాలలోని మాంసకృత్తులు, చేదును చక్కెర కప్పివేస్తాయి. నల్ల తేనీటికి ఆ చాటు లేదు. ఆకు, నీరు, నానబెట్టే సమయం అనే మూడింటిలో ఏది లోపించినా నాలుకకు వెంటనే తెలుస్తుంది. పాలు, చక్కెర మానదలచి నల్ల తేనీటికి మారేవారు విస్తరణ సిబ్బందిని సలహా అడిగినప్పుడు ఈ వ్యాసంలోని అంశాలు ఉపకరిస్తాయి.

ఆకు నుండి పొడి వరకు

తేయాకు మొక్క శాస్త్రీయ నామం కమెలియా సైనెన్సిస్. ఇందులో చిన్న ఆకు గల సైనెన్సిస్, పెద్ద ఆకు గల అస్సామికా అనే రెండు ముఖ్య ఉపజాతులు సాగులో ఉన్నాయి. కోసిన లేత ఆకులను వాడబెట్టి, నలిపి, గాలి తగిలేలా ఉంచుతారు. పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము చర్య వలన కాటెకిన్లు థియాఫ్లావిన్లుగా, థియారూబిజిన్లుగా మారుతాయి. మొదటివి తేనీటికి మెరుపును, చురుకైన రుచిని ఇస్తాయి. రెండవవి ముదురు రంగును, చిక్కదనాన్ని ఇస్తాయి. అటుపై వేడిగాలితో ఆరబెట్టి ఈ చర్యను నిలిపివేస్తారు.

ఎంపిక

నలిపి, చీల్చి, చుట్టే సీటీసీ పద్ధతిలో తయారైన గుళికల పొడి త్వరగా రంగు దిగుతుంది; పాల తేనీటికి అనువైనది. నల్ల తేనీటికి ఆర్థడాక్స్ పద్ధతిలో చుట్టిన ఆకు మేలు. నీలగిరి ఆకు సువాసనకు, అస్సాం ఆకు చిక్కదనానికి, డార్జిలింగ్ ఆకు సున్నితమైన పరిమళానికి పేరొందినవి. డస్ట్ రకంలో రేణువులు చిన్నవి, ఉపరితల వైశాల్యం ఎక్కువ; కాబట్టి వగరు కూడా వేగంగా దిగుతుంది.

తేయాకు తేమను, పరిసర వాసనలను సులభంగా పీల్చుకుంటుంది. కిరాణా కొట్టులో మసాలాల, అగరువత్తుల పక్కన తెరిచి ఉంచిన విడి పొడిని కొనరాదు. రంగు కల్తీని పరీక్షించుటకు వడపోత కాగితంపై కొద్దిగా పొడి చల్లి, నీటితో తడపాలి. కృత్రిమ రంగు ఉన్నచో కాగితంపై వెంటనే మరక పడుతుంది. కాగితాన్ని కడిగి వెలుతురులో చూస్తే అది స్పష్టమవుతుంది.

నీరు, తయారీ

హైదరాబాదులోని గ్రానైటు ప్రాంతపు బోరునీటిలో కఠినత్వం తరచుగా అధికం. అట్టి నీటిలోని కాల్షియం బైకార్బొనేటు వలన తేనీటిపై పలుచని తెట్టు ఏర్పడి, రుచి మందగిస్తుంది. కుళాయి నీరు గాని, శుద్ధిచేసిన నీరు గాని వాడవచ్చు. ఇనుప పాత్ర వాడరాదు. తేయాకులోని పాలీఫినాళ్లు ఇనుముతో కలిసి తేనీరు నల్లబారుతుంది.

ఒక కప్పుకు 200 మి.లీ. నీరు, 2 నుండి 2.5 గ్రాముల ఆకు సరిపోతాయి. నీరు తెర్లిన వెంటనే పొయ్యి ఆపి, ముందుగా వేడిచేసిన పాత్రలోని ఆకుపై పోసి మూత పెట్టాలి. డస్ట్‌కు 2 నిమిషాలు, సీటీసీ గుళికలకు 3, ఆర్థడాక్స్ ఆకుకు 4 నుండి 5 నిమిషాలు చాలు. తరువాత ఆకు మిగలకుండా పూర్తిగా వడకట్టాలి. గాఢత కావలసినవారు ఆకును పెంచాలి గాని సమయాన్ని కాదు. ఎక్కువసేపు మరిగిస్తే పరిమళం ఆవిరితో పోయి, చేదు, వగరు మిగులుతాయి.

సేవించవలసిన వేళ

ఇనుప పాత్రలో జరిగే చర్య వంటిదే భోజనం తరువాత జీర్ణాశయంలోనూ జరుగుతుంది. తేయాకు పాలీఫినాళ్లు ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలలోని ఇనుముతో బంధం ఏర్పరచుకొని, దాని శోషణను సగానికి మించి తగ్గించగలవు. పాలు కలిపినంత మాత్రాన ఈ ప్రభావం తొలగదు. నిమ్మరసంలోని విటమిన్ సి కొంతవరకు తోడ్పడుతుంది.

1918లో నీలగిరి తేయాకు సీమయైన కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయమై స్పష్టమైన సూచన చేసింది. 2024 ఆహార మార్గదర్శకాల ప్రకారం భోజనానికి కనీసం గంట ముందు, గంట తరువాత టీ, కాఫీలు మానాలి. 150 మి.లీ. తేనీటిలో 30 నుండి 65 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది, రోజుకు 300 మి.గ్రా. మించరాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తోడ్పాటుతో ధనశక్తి వంటి ఇనుము అధికంగా గల సజ్జ రకాలు రూపొందాయి. అట్టి ధాన్యాన్ని పండించమని, ఆకుకూరల పెరడు పెంచమని చెప్పే విస్తరణ శాస్త్రవేత్త, ఆ భోజనం వెంటనే కప్పు తేనీరు త్రాగే అలవాటును గూర్చి కూడా అడిగి తెలుసుకోవాలి. తేనీరు మానమని చెప్పనవసరం లేదు. ఉదయం ఫలహారానికి, మధ్యాహ్న భోజనానికి నడుమ పదకొండు గంటల వేళ, సాయంత్రం ఐదు గంటల వేళ త్రాగమని సూచించినచో రుచి, పోషణ రెండూ నిలుస్తాయి.