కాపర్ టీ నొప్పికి మందు అడగవచ్చు

ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ నియంత్రణ అంటే ఇప్పటికీ ఆడవాళ్ల ఆపరేషనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మందిది అదే దారి. గర్భం రాకుండా గర్భాశయంలో అమర్చే కాపర్ టీ వేయించుకున్నవారు బహు కొద్దిమంది. కాపర్ టీ 380ఏ పదేళ్లు పనిచేస్తుంది, వద్దనుకుంటే తీసేయవచ్చు. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ స్త్రీలకు దాని మీద నమ్మకం కుదరాలంటే ముందు నొప్పి గురించి నిజం చెప్పాలి. గర్భాశయ ముఖద్వారాన్ని పటకారు లాంటి పరికరంతో పట్టుకుని, సన్నటి కడ్డీతో లోతు కొలిచి, గొట్టంలోంచి సాధనాన్ని లోపలికి పంపుతారు. కొందరికి అది నెలసరి పోటులా వచ్చిపోతుంది. మరికొందరికి, ముఖ్యంగా మామూలు కాన్పు కానివారికి, ఓర్చుకోలేనంతగా ఉంటుంది.

కొద్ది నిమిషాల పనికి మందెందుకు, ఓపీ రద్దీలో కుదిరేదేనా అంటారు. కుట్లు వేసేటప్పుడు మొద్దుబారడానికి వాడే లిడోకెయినే ఇక్కడా పనికొస్తుంది. కొత్తగా తెప్పించాల్సిందేమీ లేదు. సూదిగానో పైపూతగానో అది నొప్పి తగ్గించవచ్చని, ముందే స్త్రీతో మాట్లాడాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో సూచించింది. ముందుగా మింగే ఐబుప్రొఫెన్ మాత్ర ఆ క్షణపు నొప్పిని పెద్దగా ఆపదు. సూదీ నొప్పే కదా అనే మాట నిజమే, అందుకే ఎంపిక ఆమెకే వదలాలి. నొప్పి సంగతి చెబితే భయపడతారన్న వాదన మాత్రం నిలవదు: చెప్పకుండా వేస్తే, ఆమె ఇంటికెళ్లి చెప్పే మాట ఊరంతటినీ భయపెడుతుంది. గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా ఏ మందు ఇస్తారని ముందే అడగవచ్చు. మధ్యలో ఆపమంటే ఆపాలి.