చిన్న ప్రోగ్రామును గూర్చి పదుగురికి చెప్పవచ్చునా?



గడచిన శ్రావణమాసమున నాయొద్ద చదివిన శిష్యుడొకడు నార్కట్‌పల్లిలోని మా యింటికి వచ్చి, తన చేతి ఫోనులో ఒక చిన్న సాధనమును చూపినాడు. తేదీ చెప్పినచో అది ఆ దినపు తిథిని చెప్పును. "పంతులుగారూ, దీనిని నాకొరకే వ్రాసికొన్నాను. దీనిని గూర్చి పదిమంది చదువునట్లు వ్రాయుమని మిత్రులనుచున్నారు. ఇంత అల్పమైనదానికి వ్రాత యెందుకని సిగ్గుగా నున్నది. మీరేమందురు?" అని యడిగినాడు.

"అక్కరలేదు నాయనా, పంచాంగములు ఏటేట అచ్చగుచునే యున్నవి గదా" అంటిని. ఆ తీర్పు తొందరపాటుదని పిదప తెలిసినది.

ప్రోగ్రాము అనగా నేమో ముందు చెప్పెదను. యంత్రమునకు మనమిచ్చు ఆదేశముల వరుసయే ప్రోగ్రాము. మన సిద్ధాంతులు కంఠస్థము చేయు గణిత సూత్రములవంటిదే యిది. భేదమేమనగా, సూత్రమునకు బుద్ధిమంతుడగు వ్యాఖ్యాత దొరకును, యంత్రమునకు దొరకడు. తప్పు చెప్పిన తప్పే చేయును, అదియు మిక్కిలి శ్రద్ధతో.

చంద్రుడు సూర్యునికంటె 12 భాగలు ముందునకు జరిగినపుడెల్ల ఒక తిథి ముగియునని పెద్దలగు మీకు తెలియనిది కాదు. 360 భాగలకు 30 తిథులు. సూర్యోదయమున నున్న తిథియే సామాన్యముగా ఆ దినపు తిథి. ఇంతవరకు శిష్యుడు సరిగనే వ్రాసినాడు. నేను ఊరకుండలేక పాత పంచాంగములను దింపి, దినమొక్కటిగా సరిచూచితిని. ఒకచోట పేచీ వచ్చినది. పంచాంగమున ఏకాదశి, ఫోనులో దశమి!

రెండు దినములు వెదకగా కారణము దొరకినది. మన గడియారముల కాలము కాకినాడ సమీపమున పోవు 82½ భాగల రేఖాంశమును బట్టి నిర్ణయింపబడినది. నార్కట్‌పల్లి దానికి పడమట సుమారు 3¼ భాగల దూరమున నున్నది. భాగకు 4 నిమిషముల చొప్పున మనకు సూర్యుడు 13 నిమిషములు ఆలస్యముగ నుదయించును. ఆనాడు దశమి సరిగా ఆ 13 నిమిషముల నడుమ ముగిసినది. ప్రోగ్రాము ఆ రేఖమీది సూర్యోదయమును పట్టుకొని, మనకు దశమి యని చెప్పినది. దశమీవేధను గూర్చిన స్మార్త వైష్ణవ భేదము వేరు; దానిలోనికి నేడు పోను. ఉపవాసముండు ముసలివారు ఆ ఫోనును నమ్మియుండిన గతి యేమి?

ఆ సూర్యోదయపు లెక్కను శిష్యుడు స్వయముగ కట్టలేదు. ఎవరో పదుగురికొరకు ఉంచినదానిని తెచ్చుకొన్నాడు. ఉంచినవాడు లెక్కను ఉంచెనే గాని, అది యే స్థలమునకు చెల్లునో ఒక్క పంక్తియైన వ్రాయలేదు. బహుశః వానికిని మావానివలెనే సిగ్గు కలిగియుండును. అపుడు నేను నా మాటను వెనుకకు తీసికొంటిని.

అల్పమైనది యెంతదూరము పోవునో యెవ్వరెరుగుదురు? 1990 దశకపు ఆరంభమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునకు చెందిన కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనువారు ఇంగ్లీషు అక్షరములతో తెలుగును వ్రాయుట కొక పద్ధతిని ఏర్పరచిరి. (రైస్ అనగా బియ్యము కాదు, స్థాపకుని యింటిపేరు.) ఏ అక్షరమునకు ఏ గుర్తో వారు విప్పి చెప్పిరి గనుక అది ఇతరుల చేతికందినది. తరువాత వెన్న నాగార్జున 'పద్మ' యను సాధనమును చేసెను. 2006 ప్రాంతమున వీవెన్ అనునాయన ఆ రెంటిని ఆధారముగ గొని 'లేఖిని'ని నిర్మించెను. కంప్యూటరులో తెలుగు వ్రాయుటకు ఎందరో దానితోనే ఓనమాలు దిద్దిరి.

మన సీమలోనే చూడుడు. ఆలేరు చెంత శారాజీపేటలో చింతకింది మల్లేశముగారు ఆసుపోయు తల్లి భుజముల నొప్పి చూడలేక 1992లో ఒక యంత్రమును కట్టనారంభించి, 1999లో పూర్తిచేసిరి. చీరకు సుమారు 9,000 సార్లు చేయి త్రిప్పవలసిన శ్రమను అది తప్పించినది. ఒక్క తల్లికొరకు తలపెట్టినది ఎన్నో మగ్గముల యిండ్లకు పోయినది. 2017లో వారికి పద్మశ్రీ లభించినది.

అయితే ప్రతిదియు వ్రాయదగినదని నా మతము కాదు. "ఒక్క రాత్రిలో చేసితిని" అను డంబమువలన చదువరికి లాభము లేదు. చీటీపాట లెక్కలకై చేసినదానిని చూపబోయి పొరుగువారి అప్పులను వీధిలో పెట్టుట పాపము. మరియొకడు అదే దారిలో నడచునపుడు గోతిలో పడకుండ నాపగల మాట యొకటి యున్నదా యని చూచుకొనవలెను. ఉన్నచో వస్తువు చిన్నదైనను వ్రాయవలసినదే.

మా గురువుగారు గ్రహణ గణితమున తాము కనుగొన్న యొక సులువును నోటుపుస్తకములో వ్రాసికొని, 'చిల్లర సంగతి' యని యెవ్వరికిని చూపలేదు. వారి తదనంతరము పెట్టె తెరచునప్పటికి చెదలు అట్టలను మాత్రమే మిగిల్చినవి. ఆ సులువేమో నాకు నేటికిని తెలియదు. అడుగవలసినది, అడుగలేదు.

శిష్యుడు చివరకు వ్రాసినాడు. "పంతులుగారూ, ఏకాదశి తప్పిన సంగతి దాచవచ్చునా?" అని యడిగినాడు. దానినే ముందు వ్రాయుమంటిని. మొత్తము నాలుగు పుటలు. మొదటి పుట యంతయు ఆ 13 నిమిషములను గూర్చినదే.