తెరమీది కొండ – నేలమీది కొండ

మన పల్లెలలో పెద్దలు విమానమును ‘గాలిమోటారు’ అన్నారు. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో అదే ‘హవాయీ జహాజ్’ అయినది. పేరు ఏదైనను, దాని ధ్వని వినబడినపుడు తల యెత్తి చూడని బాలుడు లేడు. మన కళాశాల విద్యార్థులలో పెక్కుమంది తండ్రులో, అన్నలో, మేనమామలో గల్ఫ్ దేశములలో పనిచేయుచున్నారు. వారు బయలుదేరిన రాత్రి, క్షేమముగా దిగినామని ఫోను వచ్చువరకు ఆ ఇంటిలో ఎవరికిని ముద్ద మింగుడుపడదు. కావున విమానయాన భద్రత అనునది మనకు ఇంజనీర్ల చర్చ మాత్రమే కాదు, ఇంటి విషయము.

ఈ వ్యాసములో మేము ఆ విషయమును ఒక కొత్త ద్వారమునుండి ప్రవేశించి చూడదలచినాము. ఆ ద్వారము కంప్యూటరు తెరమీద విమానము నడుపు ‘ఫ్లైట్ సిమ్యులేటర్’. దానిలో కనబడు కొండలు, నదులు, రన్‌వేలు ఎట్లు తయారగును? వాటిలో తప్పులు ఎట్లు దొర్లును? ఆ తప్పులకును నిజమైన ఆకాశములోని ప్రమాదములకును గల సంబంధమేమి? ఇవి మేము వివరింపబోవు ప్రశ్నలు.

నేలమీది విమానము

విమానము ఎక్కకయే విమానము నడుపుట నేర్పవచ్చునను ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అను నతడు తన తండ్రి ఆర్గన్ వాద్యముల కర్మాగారములో పనిచేసి, ఆ వాద్యములలోని గాలితిత్తులనే ఉపయోగించి 1929లో ఒక శిక్షణ యంత్రమును నిర్మించెను. మొదట దానిని వినోదశాలలవారు తప్ప ఇతరులు ఆదరింపలేదు. 1934లో అమెరికా సైన్యమునకు టపా మోయు బాధ్యత అప్పగింపబడి, మంచులోను మబ్బులోను అనేకమంది వైమానికులు మరణించిన పిమ్మట గాని దాని విలువ తెలియలేదు. భద్రతాచరిత్రలో ఇట్టి ఆలస్యము మరల మరల కానవచ్చును.

ఇంటిలోని కంప్యూటరుకు ఈ విద్య 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరుతో విస్తృతముగా వచ్చినది. అందులో విమానము మొదట నిలిచియుండు చోటు షికాగో నగరములోని మీగ్స్ విమానాశ్రయము. నాటి తెరమీద నేల అనగా కొన్ని గీతలు, కొన్ని రంగుల ముక్కలు మాత్రమే. తరువాతి కాలములో ఔత్సాహికులు తమ తమ ఊళ్ళను, విమానాశ్రయములను తామే చిత్రించి జతచేయసాగిరి. వీటినే ‘సీనరీ’ అందురు. 2020లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటరు ఉపగ్రహ చిత్రములను, విమానములనుండి తీసిన ఛాయాచిత్రములను ఆధారముగా గొని భూగోళమంతటిని తెరకెక్కించినది.

సీనరీలో ముఖ్యముగా నాలుగు పొరలు కలవు. మొదటిది నేల ఎత్తుపల్లములను తెలుపు అంకెల వల. రెండవది ఆ వలమీద దుప్పటివలె కప్పిన చిత్రము. మూడవది ఇండ్లు, చెట్లు, స్తంభములు. నాలుగవది రన్‌వేలు, దీపములు, దారిచూపు రేడియో కేంద్రముల వివరములు. చూపరి కన్ను రెండవ పొరను, మూడవ పొరను మెచ్చుకొనును. ప్రాణముల విషయములో మాత్రము మొదటిదియు నాలుగవదియు ముఖ్యములు.

బొమ్మలోని తప్పులు

2020లో ఆ సిమ్యులేటరు విడుదలైన కొలది దినములకే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగర శివారులో, చిన్న చిన్న ఇండ్ల నడుమ 212 అంతస్తుల సన్నని గోపురమొకటి ఆటగాండ్రకు కనబడినది. అట్టి కట్టడము ఆ నగరములో లేదు. కారణము విచారింపగా, ప్రజలు స్వచ్ఛందముగా తయారుచేయు పటములో ఒకరు రెండంతస్తుల భవనమునకు ‘2’ అని వ్రాయుటకు బదులు ‘212’ అని వ్రాసినట్లు తేలినది. కంప్యూటరు ప్రశ్నింపక ఆ అంకెను నమ్మి గోపురము కట్టివైచినది. లోకమంతయు నవ్వుకొన్నది. దానిని చుట్టివచ్చుటకు ఆటగాండ్రు వేడుకగా విమానములు నడిపిరి.

మరియొక లోపము ఇంతకంటె సూక్ష్మమైనది. పాత సిమ్యులేటర్లలో విమానాశ్రయమంతయు ఒకే ఎత్తున, పళ్ళెమువలె సమతలముగా ఉండవలసివచ్చెడిది. నేపాలులోని లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు. అది సుమారు నూటికి 12 వంతుల వాలుతో కొండవైపు ఎక్కును. సమతలమైన తెరమీద ఆ వాలు మాయమైనది. అనగా ఆ రన్‌వేను కఠినమైనదిగా చేసిన గుణమే బొమ్మలో లేకపోయినది.

మూడవ లోపము కాలము తెచ్చునది. మీగ్స్ విమానాశ్రయపు రన్‌వే 2003 మార్చిలో ఒక రాత్రి తవ్వివేయబడినది. పాత తెరమీద అది నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. మన హైదరాబాదు సంగతియు అట్టిదే. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు బేగంపేటను విడిచి శంషాబాదుకు తరలినవి. అంతకు పూర్వపు సీనరీలో శంషాబాదు వద్ద రన్‌వే లేదు. ఈ కారణముచేతనే నిజమైన విమానముల మార్గదర్శక వివరములను ప్రపంచమంతట 28 దినములకొక పర్యాయము సవరించు పద్ధతి ఏర్పడినది. నిన్నటి పటము నేటి నేలకు చెల్లదు.

ఒక్క అంకె, ఒక్క అక్షరము

ఆటలో ఒక్క అంకె తప్పినచో నవ్వు పుట్టును. ఆకాశములో తప్పినచో ఏమగునో రెండు ఉదాహరణములతో తెలిపెదము.

1979 నవంబరు 28న న్యూజిలాండు విమానమొకటి అంటార్కిటికా అందములు చూపుటకు యాత్రికులతో బయలుదేరినది. అంతకుముందు కంప్యూటరులో మార్గపు రేఖాంశము ఒక అంకె తప్పుగా నమోదై, దారి సముద్రమువైపు ఉండినది. పైలట్లకు చూపిన మార్గము అదియే. బయలుదేరుటకు కొలది గంటల ముందు కార్యాలయమువారు ఆ స్థానమును సవరించిరి. దానితో దారి సుమారు 27 నాటికల్ మైళ్ళు జరిగి ఎరిబస్ పర్వతముమీదుగా మారినది. ఈ సంగతి పైలట్లకు తెలుపబడలేదు. తెల్లని మంచును తెల్లని మబ్బును వేరుపరచలేని వెలుతురులో, ఎదుట నున్నది కొండ అని వారి కన్నులు గుర్తింపలేదు. 257 మంది మరణించిరి. గమనింపుడు: సవరింపబడిన అంకె సరియైనదే. సవరణను చెప్పవలసినవారికి చెప్పకపోవుటయే ప్రాణములు తీసినది.

1995 డిసెంబరు 20న కొలంబియాలోని కాలీ నగరమునకు వచ్చుచున్న బోయింగ్ 757లో పైలట్లు ‘రోజో’ అను రేడియో కేంద్రమునకు పోవలెనని ‘ఆర్’ అను అక్షరమును ఎన్నుకొనిరి. యంత్రపు జాబితాలో ఆ అక్షరము బొగోటా సమీపములోని ‘రోమియో’ కేంద్రమును సూచించెడిది. రాత్రి చీకటిలో విమానము ఎడమకు తిరిగి కొండలలోనికి సాగినది. నేల సమీపించుచున్నదని హెచ్చరిక యంత్రము అరచుసరికి కొలది సెకండ్లు మాత్రమే మిగిలినవి. 163 మందిలో నలుగురు బ్రతికిరి.

ఆ హెచ్చరిక అంత ఆలస్యముగా వచ్చుటకు కారణము కలదు. నాటి యంత్రము విమానము క్రింది నేలను మాత్రమే రేడియో తరంగములతో కొలుచుచుండెను. ఎదుటి కొండను చూడజాలదు. డొనాల్డ్ బేట్‌మన్ అను ఇంజనీరు నాయకత్వమున రూపొందిన కొత్త యంత్రము ప్రపంచపు ఎత్తుపల్లముల వలను తన జ్ఞాపకములో ఉంచుకొని, విమానమున్న స్థానముతో పోల్చి, రాబోవు కొండను ముందుగనే తెలుపును. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిదప ఆ దేశపు పటములను గూడ కొని ఈ వలను పూరించిరి. 2000 ఫిబ్రవరిలో ‘ఎండెవర్’ అంతరిక్షనౌక రాడారుతో భూభాగములో నూటికి సుమారు 80 వంతులను కొలిచినది. ఆ కొలతలు అందరికిని అందుబాటులోనికి రాగా, సీనరీ తయారుచేయు ఔత్సాహికులు వాటితోనే తమ కొండలను తీర్చిదిద్దిరి. ఆటలోని కొండకును, ప్రాణము కాపాడు యంత్రములోని కొండకును ఈ విధముగా మూలము ఒకే రకమైన అంకెల వల. కావున సీనరీని పిల్లచేష్ట అని త్రోసివేయరాదు.

పటము చాలని చోటు

ఐతే కొండ ఎక్కడ నున్నదో తెలిసినంతమాత్రమున భద్రత సిద్ధింపదు. దీనికి మన దేశములోని మంగళూరు, కోళికోడు సాక్ష్యములు. రెండును కొండ తలను చదునుచేసి కట్టిన ‘టేబుల్‌టాప్’ రన్‌వేలు.

2010 మే 22న దుబాయినుండి మంగళూరునకు వచ్చిన విమానము 2450 మీటర్ల రన్‌వేలో మొదటి 1500 మీటర్లకు పైగా దాటిన తరువాత నేల తాకి, చివర ఆగలేక లోయలో పడినది. 158 మంది చనిపోయిరి. 8 మంది మిగిలిరి. పైలట్ల సంభాషణ నమోదైన యంత్రమును విన్నపుడు, కెప్టెన్ ప్రయాణములో చాలభాగము నిద్రించెననియు, దిగువేళ సహ పైలట్ విమానమును మరల పైకి లేపుమని పలుమారులు కోరెననియు తెలిసినది. 2020 ఆగస్టు 7న వానలో, వెనుకగాలితో కోళికోడులో దిగిన విమానమును దుబాయినుండియే వచ్చినది. అదియు రన్‌వే సగము దాటిన పిమ్మట నేల తాకెను. సహ పైలట్ ‘గో ఎరౌండ్’ అని పలికెను; కాని విమానము దిగుట ఆగలేదు. ఇరువురు పైలట్లతో సహా 21 మంది మరణించిరి.

ఈ రెండు చోట్లను లోయ ఎక్కడ నున్నదో కెప్టెనుకు తెలియును, సహ పైలటుకు తెలియును, పటమునకును తెలియును. కొరవడినది వినుట. చిన్నవాడు చెప్పిన మాటను పెద్దవాడు వినుట, విననప్పుడు చిన్నవాడు ధైర్యముగా పగ్గములు చేతికి తీసుకొనుట. ఈ లోపమును ఏ సీనరీయు చిత్రింపజాలదు.

మాలో కొందరము ఒక సెలవుదినమున స్నేహితుని కంప్యూటరుపై మంగళూరులో దిగుటకు ప్రయత్నించినాము. విమానము ఎత్తుగా, వేగముగా వచ్చినది. ప్రక్కనున్నవాడు “మరల లేపుము” అన్నాడు. నడుపుచున్నవాడు “ఇంకొంచెమే” అన్నాడు. లోయలో పడినాము. అందరము పకపక నవ్వి, ఆటను మొదటినుండి ప్రారంభించు మీటను నొక్కినాము. తరువాత ఆ ప్రమాదపు నివేదికలోని సంగతులు చదివినపుడు మా నవ్వు మాకే సిగ్గు కలిగించినది. మా గదిలో జరిగిన సంభాషణయే అక్కడను జరిగినది. వారికి ఆ మీట లేదు.

మనము గ్రహింపవలసినవి

అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడిక 1944లో కుదిరినది. దాని 13వ అనుబంధము ప్రకారము ప్రమాద పరిశోధన యొక్క ఏకైక ఉద్దేశము మరల ప్రమాదము జరుగకుండ చూచుట. నింద మోపుట కాదు. ఎరిబస్ విషయములో మొదటి నివేదిక పైలట్లను తప్పుపట్టినది. 1981లో న్యాయమూర్తి పీటర్ మాహన్ విచారణ, చెప్పకుండ మార్చిన ఆ మార్గమునే ప్రధాన కారణముగా చూపినది. తొందరపడి ఒకనిని దోషిగా నిలబెట్టినచో అసలు కారణము చాటున దాగి, మరియొక విమానము కొరకు కాచుకొని యుండును.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఒకటి కలదు. ప్రమాదము జరిగిన దినమున సిమ్యులేటరులో తయారైన దృశ్యములు నిజమైన చిత్రములని ఫోనులలో చేతులు మారుచుండును. వాటిని చూచువారిలో ఆ విమానములో తమవారున్న తల్లి కూడ ఉండవచ్చును. తెరమీది బొమ్మకును జరిగిన సంగతికిని తేడా తెలిసిన మనమైనను వాటిని పంపకుండుట, పంపినవారికి తెలియజెప్పుట మన కర్తవ్యము.

కళాశాల కమిటీ పెద్దలకు మరియొక మనవి. మన భౌతికశాస్త్ర, భూగోళశాస్త్ర విభాగములకు ఒక మంచి సిమ్యులేటరును, ప్రక్కనే ప్రమాద పరిశోధన నివేదికలను సమకూర్చిన యెడల గాలి, ఎత్తు, వేగము, పటము అను పాఠములు పుస్తకమునుండి లేచి కన్నుల ముందు నిలుచును. ఆట ఒక చేతను, నివేదిక ఒక చేతను ఉండవలెను. ఇరువురు విద్యార్థులు కలిసి కూర్చుండవలెను. ప్రక్కవాడు “మరల లేపుము” అన్నపుడు నడుపువాడు మారు మాటాడక లేపవలెనను నియమము ఉండవలెను. ఆ ఒక్క అలవాటు విమానము నడుపనివారికి సైతము జీవితములో ఉపకరించును.