మీకు తెలుసా? సెట్‌టాప్ బాక్స్ తీసుకునే ముందు…

• ఎస్‌డీ బొమ్మలో 720×576 చుక్కలుంటాయి. ఫుల్ హెచ్‌డీలో 1920×1080, అంటే సరిగ్గా 5 రెట్లు!

• హెచ్‌డీ బాక్సును ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరుతో టీవీకి కలిపితే ఆ స్పష్టత రాదు. హెచ్‌డీఎంఐ కేబుల్ వాడాల్సిందే. హెచ్‌డీ చానళ్లకు చందా కూడా కట్టాలి.

• ఇంట్లో ఇంకా పాత డబ్బా టీవీయే ఉందా? ఆ మూడు పిన్నులు పట్టే బాక్సే అడిగి తీసుకోండి.

• జోరువానలో డిష్ సిగ్నల్ పోవడం బాక్సు తప్పు కాదు. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాలను వాన చినుకులు బలహీనపరుస్తాయి. కేబుల్ వైరులో ఆ బెడద తక్కువ.

• 2004లో మొదలైన దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సేవే నేటి డీడీ ఫ్రీ డిష్. బాక్సు, డిష్ కొనుక్కుంటే చాలు, నెలనెలా చందా ఉండదు. అయితే, మీరు చూసే చానళ్లు అందులో ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి.